బుడమేరు ముంచిన బీరువాకు పన్ను మినహాయింపు లేదు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్‌లో కొట్లనూ కాపురాలనూ ఒక్కటిగానే ముంచింది. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం ఆ రెండు నష్టాలూ ఒకటి కావు.

ఒక కిరాణా కొట్టు, దాని పక్కన ఒక గుమాస్తా ఇల్లు ఉన్నాయనుకుందాం. కొట్లో రెండు లక్షల సరుకు, ఇంట్లో రెండు లక్షల సామాను పాడయ్యాయి. చిట్టా, ఆవర్జా సక్రమంగా రాసే యజమానికి చెడిన సరుకు వ్యాపార నష్టమే. ఆ మేరకు లాభం తగ్గి పన్ను తగ్గుతుంది. బీమా సొమ్ము ముట్టితే జమ చూపాలి. నష్టం ఇంకా మిగిలితే, గడువులోగా రిటర్ను దాఖలు చేసినవారు దాన్ని ఆ తరువాతి ఎనిమిదేళ్ల వరకు వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు. అయితే పద్దుల బెడద లేకుండా అమ్మకాలపై నూటికి ఎనిమిదో, బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై ఆరో లాభంగా చూపే చిన్న వర్తకులకు ఈ వెసులుబాటు లేదు. ఆ శాతంలోనే అన్ని ఖర్చులూ, నష్టాలూ పోయినట్లు లెక్క.

ఇక గుమాస్తా సంగతి. ఫ్రిజ్, బీరువా, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయినా జీతంలో ఒక్క రూపాయి తగ్గించుకోవడానికి లేదు. సొంత వాడుక వస్తువు నీటిపాలైనా, దొంగలపాలైనా చట్టం దృష్టిలో అది ఇంటి గొడవే. స్కూటరు బాగుచేయించినా, గోడలకు సున్నం వేయించినా ఇంటి ఖర్చే. సొంత ఇంటి మరమ్మతుకు అప్పు తెస్తే పాత విధానంలో ఏడాదికి 30,000 రూపాయల వరకు వడ్డీకి మినహాయింపు ఉంది. దాచుకున్న డబ్బు తీసి బాగుచేయించుకున్నవారికి అదీ లేదు. ఇల్లు అద్దెకిచ్చిన వారికి మాత్రం మునిసిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో నూటికి 30 వంతులు తీసేస్తారు, సున్నం వేయించినా వేయించకపోయినా!

మరో విడ్డూరం ఉంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి పదివేలకు చెక్కు ఇచ్చిన ఉద్యోగికి పాత విధానంలో ఆ మొత్తమంతా మినహాయింపే. నగదు అయితే 2,000 దాటితే చెల్లదు. బియ్యం, దుప్పట్లు పంచినవారికి ఏమీ లేదు.

ఇక్కడ ‘పాత విధానం’ అన్న మాట గమనించదగినది. 2023-24 నుంచి కొత్త విధానమే మామూలుగా వర్తిస్తుంది. పాతది కావాలంటే కోరుకోవాలి. కొత్తదానిలో రేట్లు తక్కువ, 2024-25 నుంచి జీతగాళ్లకు 75,000 రూపాయల ప్రామాణిక మినహాయింపు ఉంది. కాని జీవిత బీమా, భవిష్యనిధి, సొంత కాపురం ఉండే ఇంటి అప్పు వడ్డీ, విరాళాలు చూపడానికి వీలులేదు.

ముంపు బాధితులకు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన సాయం, అంటే నేల అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలు, గుమాస్తాకు పన్ను లేని సొమ్మే. సరుకు నష్టాన్ని లెక్కల్లో ముందే తగ్గించుకున్న వర్తకుడికి, ఆ సరుకు కోసమే ప్రభుత్వ పరిహారం ముట్టితే మటుకు ఆ మేరకు పన్ను తప్పదు.