గంగమ్మ వేషాన్ని ఇంగ్లీషులో ఏమనాలి?

పోయిన ఎపిసోడ్ చూసినవాళ్ళలో చాలామంది ఒకటే అడిగారు. "మా ఊళ్ళో ముసలోళ్ళు చెప్పే కథలు రికార్డు చేసి, బయటి దేశాలవాళ్ళకి అర్థమయ్యేలా పెట్టాలంటే ఎట్లా?" అని. కెమెరా, మైకు సంగతి పక్కన పెడదాం, అవి ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉన్నాయి. కష్టమంతా మాట దగ్గరే వస్తుంది. ఒక్క మాట తీసుకుని చెప్తాను: వేషం.

తిరుపతి వాళ్ళకి గంగజాతర గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? దూరాన ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రతి ఏడూ మే నెలలో చాటింపుతో మొదలై వారం రోజులు జరుగుతుంది. ఆడవాళ్ళని చెరబట్టే పాలెగాడి మీద అవిలాల గంగమ్మ తిరగబడుతుంది. వాడు పారిపోయి దాక్కుంటాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేస్తుంది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొర వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు, తల తెగుతుంది. ఆ తర్వాత మాతంగి వేషం. కొందరు చెప్పే కథలో, ఆ వేషంలో అమ్మవారు పాలెగాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి పోతుంది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే చోటు అదే.

ఈ వేషాలు కట్టేది కైకాల కుటుంబం మగవాళ్ళు. ఇంకోపక్క మామూలు మగవాళ్ళు కూడా మొక్కుకుని, చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికొస్తారు.

ఇప్పుడు సబ్‌టైటిల్ రాయాలి. డిక్షనరీ తీస్తే వేషానికి మొదట తగిలే ఇంగ్లీషు మాట 'డిస్‌గైజ్'. నేనూ మొదట అదే రాసేశా. ఆ మాటకి అర్థం తానెవరో తెలియకుండా దాచుకోవడం. పాలెగాడి వైపు నుంచి చూస్తే అది సరే, వాడు మోసపోయాడు కదా. కానీ వీధిలో వేషం వస్తుంటే జనం ఏం చేస్తారు? కాళ్ళకి నీళ్ళు పోసి, హారతిచ్చి, చంటిబిడ్డల్ని ముందుకు చాపుతారు. అక్కడ దాగిందేమీ లేదు, అమ్మవారు కళ్ళెదురుగా నిలబడింది. డిస్‌గైజ్ అంటే ఆ జనమంతా మోసపోతున్నట్టు అర్థం వస్తుంది!

ఈ తేడాని పుస్తకం నిండా రాసిన ఆవిడ ఉన్నారు. అమెరికాలో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్. 1992లో మొదటిసారి ఈ జాతర చూశారు. తర్వాత ఏళ్ళ తరబడి తిరుపతికొచ్చి గుడి దగ్గరి ఆడవాళ్ళతో, కైకాల కుటుంబంతో, మాతమ్మలతో మాట్లాడారు. 2013లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ ఆ పుస్తకం వేసింది. పేరు 'వెన్ ద వరల్డ్ బికమ్స్ ఫిమేల్'. లోకమంతా ఆడదైపోయిన వేళ అనుకోండి. ఆవిడ డిస్‌గైజ్ అనకుండా 'గైజ్' అన్నారు, అంటే కనబడే రూపం. అమ్మవారి ఉగ్రం ఆడవాళ్ళకి కొత్త కాదు, ఆ శక్తి వాళ్ళలోనూ ఉంది, మారాల్సింది మగవాళ్ళే అని ఆవిడ వాదన. ఒక్క మాట మార్చేసరికి చీర కట్టిన మగవాడు వింతగా కాకుండా, అమ్మ ముందు నిలబడడానికి తయారై వచ్చినవాడిగా కనిపిస్తాడు.

2024 డిసెంబరులో 'పుష్ప 2' వచ్చింది. ఒళ్ళంతా నీలం రంగు, పట్టుచీర, జాతర. లోకమంతా చూసింది. మంచిదే, నేనూ ఈల వేశా. కానీ ఆ చీర ఎందుకు కట్టాడో హాలు బయట అడిగితే చెప్పగలిగేవాళ్ళు ఎందరు? మనం పూడ్చాల్సింది ఆ ఖాళీనే.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఒక పల్లెలో మాతమ్మగా బతికిన పెద్దావిడతో మాట్లాడి వీడియో పెట్టా. అమ్మాయిల్ని ఇలా దేవతకి వదలడాన్ని 1988 చట్టం నిషేధించింది. ఆ విషయం పైన పెద్ద అక్షరాల్లో వేశా. ఆవిడ ముఖం మాత్రం దాచలేదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో చూసి జాలిపడ్డారు. ఆ వీడియో తిరిగి తిరిగి ఆవిడ మనవరాలి కాలేజీకి చేరింది. పోయి కలిస్తే ఆవిడ తిట్టలేదు. "నేను పాడింది కూడా చెప్పినాను గదా నాయినా, అది యాడ పోయింది?" అంది. నిజమే. గంటన్నర మాటల్లో పాటలూ నవ్వులూ కోసేసి, ఏడ్చిన ఆరు నిమిషాలు ఉంచా. వీడియో తీసేశా. దూరంగా చూసేవాడు చూసి మరిచిపోతాడు, ఆవిడ ఆ ఊళ్ళోనే బతకాలి.

అప్పట్నించీ నా పద్ధతి మారింది. ముందు మొత్తం మాటల్ని తెలుగులో, పలికినట్టే రాసుకుంటా. 'యాడ'ని 'ఎక్కడ' అని దిద్దను. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'సినబ్బ కథలు' చదివినవాళ్ళకి, మన చిత్తూరు మాట దిద్దితే ఏం పోతుందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత కోసిన వీడియోని చెప్పినవాళ్ళకే ముందు చూపిస్తా. వద్దన్న ముక్క తీసేస్తా. అప్పుడే ఇంగ్లీషు. అందులోనూ వేషం, జాతర, ఉగ్రం అట్లాగే వదిలేస్తా. మొదటిసారి వచ్చినప్పుడు పక్కన చిన్న వివరం ఇస్తే చాలు, రెండోసారికి వాళ్ళే పడతారు. మనం 'పిజ్జా'కి తెలుగు అడిగామా?

ఒక్కచోట మాత్రం ఇంకా ఆగిపోయాను. జాతర చివర, బుధవారం తెల్లవారుజామున, అమ్మవారి మట్టి విశ్వరూపానికి చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఎగబడి, మందులా దాచుకుంటారు. 'నరకడం' అని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే హింసలా ఉంది, మెత్తగా రాస్తే అబద్ధంలా ఉంది. మూడుసార్లు రాసి కొట్టేశా. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దీన్ని ఎలా చెప్తారో అడిగి నాకు పంపించండి, వాళ్ళ మాటల్లోనే.