దూడకు జన్యుచికిత్స – మందకు జన్యుపరీక్ష

పుట్టినపుడు ఆరోగ్యంగా ఉన్న దూడకు తల్లిపాలలోని మాంసకృత్తులే విషంగా పరిణమించే వ్యాధి ఒకటుంది. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలను విచ్ఛిన్నం చేసే ఎంజైము సముదాయం వంశపారంపర్యంగా లోపించడమే దీనికి కారణం. ఇవీ, వీటి నుంచి ఏర్పడే కీటో ఆమ్లాలూ రక్తంలో పేరుకొని మెదడును దెబ్బతీస్తాయి. దూడ రెండు మూడు రోజులకే మందగించి, లేవలేని స్థితికి చేరి మరణిస్తుంది. మూత్రానికి మేపుల్ చెట్టు పాకాన్ని పోలిన తీపి వాసన ఉండటం వల్ల దీనిని మేపుల్ సిరప్ మూత్రవ్యాధి అంటారు. పశువులలో పోల్ హియర్‌ఫర్డ్, పోల్ షార్ట్‌హార్న్ జాతులలో ఇది కనిపిస్తుంది. మానవ శిశువులలో దీనిని 1954లో తొలిసారి వర్ణించారు. వారికి జీవితాంతం మాంసకృత్తులను పరిమితం చేసిన ఆహారం, లేదా కాలేయ మార్పిడి మాత్రమే ఇప్పటి వరకు ఆధారం.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు, సహకార సంస్థలతో కలిసి జరిపిన పరిశోధన ఫలితాలు 2025లో వెలువడ్డాయి. ఈ ఎంజైములోని రెండు ఉపాంశాలకు సంబంధించిన జన్యువులను ఏ.ఏ.వి.9 అనే నిరపాయకర వైరస్ వాహకంలో ఒకేసారి అమర్చారు. తొలుత ఎలుకలలో, తరువాత వ్యాధితో పుట్టిన ఒక దూడలో దీనిని ప్రయోగించారు. ఆ దూడ ఆహార నియమాలేవీ లేకుండానే రెండేళ్లకు పైగా సాధారణంగా పెరిగింది.

ఎలుకలో విజయం సాధించాక దూడ ఎందుకు? ఎలుక బరువు గ్రాములలో ఉంటుంది. దూడ పుట్టుకతోనే శిశువు కంటే అనేక రెట్లు బరువైనది. పైగా దూడలోని వ్యాధి కృత్రిమంగా కల్పించినది కాదు, సహజ ఉత్పరివర్తన ఫలితం. అందువల్ల పెద్ద శరీరంలోనూ చికిత్స పనిచేయగలదని ఈ ప్రయోగం సూచించింది. అయితే ఇది ఒక్క దూడ ఫలితం. ఈ వాహకం అందించిన జన్యువు చాలావరకు క్రోమోజోములలో కలవదు కనుక, వేగంగా విభజన చెందే కణాలలో క్రమంగా పలచబడవచ్చు. శరీరంలో ప్రతిరక్షకాలు ఏర్పడితే రెండో మోతాదు ఇవ్వడమూ కష్టమే.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశం మరొకటి. ఈ చికిత్స కాలేయం, కండరం వంటి శరీర కణాలను ఉద్దేశించినదే కాని బీజకణాలను సరిదిద్దేది కాదు. చికిత్సతో బతికిన ఆబోతును లోపం లేని ఆవుతో సంకరపరచినా, పుట్టే ప్రతి దూడా వాహకమే అవుతుంది. రెండు వాహక పశువుల సంకరంలో సగటున 25 శాతం దూడలు వ్యాధిగ్రస్తమవుతాయి. ఆరోగ్యంగా కనిపించే మిగిలిన వాటిలో మూడింట రెండు వంతులు లోపాన్ని మోస్తూనే ఉంటాయి.

కాబట్టి శిశువుకు ఆశాకిరణమైన ఈ విధానం మందకు పరిష్కారం కాదు. మందను కాపాడేది వాహక ఆబోతుల గుర్తింపే. మన దేశంలో వీర్యోత్పత్తికి ఎంపికచేసే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ ఆబోతులకు సిట్రులినీమియా అనే మరో జీవక్రియా లోపం కోసం జన్యుపరీక్ష జరపడం ఈ సూత్రం మీదనే ఆధారపడింది. ఒక్క ఆబోతు వీర్యం వేలాది ఆవులకు చేరే కృత్రిమ గర్భధారణలో, ఆ ఒక్క పరీక్షను విస్మరిస్తే నష్టం ఊరూరా పాకుతుంది.