కాన్రాడ్ ఫైట్ నటజీవితము

మన ఆలంకారికులు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగులుగా విభజించిరి. అందు వాచికమునకు తావే లేని మూకీచిత్రములలో, తక్కిన మూడింటి బలముతోనే ప్రేక్షకుని గుండె ఝల్లుమనిపించి, మఱుక్షణమే తాను భయపెట్టిన ఆ ప్రేక్షకునిచేతనే తనపై జాలి పుట్టించుకొనగలిగిన జర్మను నటుడు కాన్రాడ్ ఫైట్. భయమును, కరుణను ఒకే మొగమున నిలిపినవారిలో ఆయనకు సాటి రాగలవాడు నాకు కనబడలేదు.

1893వ సంవత్సరము జనవరి 22వ తేదీన బెర్లిను నగరమున ఆయన జన్మించెను. చదువు అంతగా అబ్బకున్నను నాటకములయందు మక్కువ మిక్కుటమగుటచే, ఆనాటి యూరపు నాటకరంగమునకు ఆచార్యస్థానీయుడైన మాక్స్ రైన్‌హార్ట్ నడపుచుండిన డాయిషెస్ థియేటరులో చేరి, చిన్నచిన్న వేషములు ధరించుచు విద్య నేర్చుచుండగా ప్రథమ ప్రపంచసంగ్రామము వచ్చిపడెను. సైన్యమున చేర్చుకొని తూర్పు రణరంగమునకు పంపగా, అచట కామెర్లును న్యుమోనియాయును పీడింప ఆసుపత్రిపాలై, కోలుకొనిన పిమ్మట సైనికుల వినోదార్థము ఏర్పడిన నాటకశాలలో నటించి, 1917లో విముక్తుడై తిరిగి బెర్లిను చేరెను. రైన్‌హార్ట్ ప్రదర్శనములలో వెలుగునీడల కూర్పునకు ప్రాధాన్యము హెచ్చు. నీడలో నిలిచియు కనబడు విద్య ఫైటునకు అబ్బినది అచటనేయని నా నమ్మకము.

1919లో, స్వలింగప్రేమను నేరముగా నెంచు జర్మను చట్టమును నిరసించుచు తీసిన ఒక చిత్రమున, బెదిరించి డబ్బు గుంజువాని చేతిలో చిక్కి నశించిన వయొలిన్ విద్వాంసుని పాత్రను ఆయన ధరించెను. ఆ రోజులలో దానికి సాహసము కావలెను. మఱుసటి యేడే ఆ చిత్రము నిషేధమునకు గురియయ్యెను.

ఆయన కీర్తికి మూలము 1920 ఫిబ్రవరిలో బెర్లినున ప్రదర్శితమైన ‘డాక్టర్ కాలిగారి’ చిత్రము. అందలి వీథులు, ఇండ్లు, గవాక్షములు సమస్తమును గుడ్డపై వంకరటింకరగా చిత్రించినవి. నీడలను సైతము రంగుతో వేసిరి. కాలిగారి సంతలో ఒక నిలువుపెట్టె తలుపు తెఱచును. లోపల నల్లని బిగుతుదుస్తులతో, సున్నమువలె తెల్లనైన మొగముతో, కన్నులచుట్టును కాటుక మసితో చేజరె అను నిద్రాచరుడు నిలుచుండి నిద్రించుచుండును. యజమాని ఆజ్ఞాపింపగా రెప్పలు కంపించి, అతికష్టముమీద విడివడి, ఆ పెద్దకన్నులు మనవైపు చూచును. ఒక రాత్రి హత్య చేయ పంపబడినవాడు గోడకు వీపునానించి, ఒక చేయి పైకి చాచి, గోడమీది రేఖలలో ఒకటియై జరుగును. నిద్రించు యువతిపై కత్తి యెత్తినవాడు ఆమె మొగము చూచి ఆగిపోవును. ఆ క్షణమున హంతకుడు మాయమై, ఒరుల ఇచ్ఛకు బానిసయైన అభాగ్యుడు కానవచ్చును.

1921లో ‘భారతీయ సమాధి’ అను చిత్రమున ఎష్నపూరు మహారాజుగా కనబడెను. ఆ కల్పిత భారతదేశమును బెర్లిను చెంతనే వోల్టర్స్‌డోర్ఫున నిర్మించిరి. అది మన దేశము కాదు. అయినను ఆ రాజు చూపులలోని అసూయాగ్ని నిజమైనది. 1928లో హాలీవుడ్డులో విక్టర్ హ్యూగో నవల ఆధారముగా తీసిన ‘ద మాన్ హూ లాఫ్స్’ చిత్రమున, బాల్యముననే పెదవులు కోయబడి ఎల్లవేళల నవ్వు ముద్రితమైన గ్విన్‌ప్లేనుగా నటించెను. పెదవులను వెనుకకు లాగిపట్టు కట్టుడుపండ్ల అమరికచే నోరు కదల్పరాని ఆ వేషమున, దుఃఖభారమంతయు కన్నులే మోసెను. అమెరికా బొమ్మలకథలలోని జోకరు రూపమునకు ఆ మొగమే ప్రేరణ.

టాకీలు రాగా, 1929లో ఆయన జర్మనీకి మరలెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన పిమ్మట కళాకారులెల్లరును తమ జాతిని పేర్కొనవలసివచ్చెను. ఫైట్ పుట్టుకచే ప్రొటెస్టెంటు. ఆయన భార్య లిలీ యూదవనిత. ఆయన ఆ పత్రమున తన జాతిని ‘యూదుడు’ అని వ్రాసి, భార్యతో ఇంగ్లండు చేరి, 1934లో ‘జ్యూ స్యూస్’ అను బ్రిటిషు చిత్రమున యూదునిపై సానుభూతి కలిగించు ప్రధానపాత్రను ధరించెను. 1940లో నాజీలు అదే కథను యూదద్వేషమునకు సాధనముగా మార్చి వేఱొక చిత్రము తీయగా, అందు పెక్కు యూదపాత్రలు ధరించినవాడు వెర్నర్ క్రౌస్. కాలిగారి వేషము వేసినవాడు ఇతడే! ఒకే నాటకశాలలో ఎదిగి, ఒకే చిత్రమున యజమానియు బానిసయునై వెలసిన ఆ ఇరువురిలో, విద్యలో ఎవరికెవరును తీసిపోరు. నిజజీవితమున మాత్రము ఒకరి ఆజ్ఞకు లోబడని స్వతంత్రుడు ఆ బానిస వేషధారియే.

1939లో ఆయన బ్రిటిషు పౌరుడయ్యెను. ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ చిత్రమున మైసూరువాడైన సాబూకు ప్రతినాయకుడుగా జాఫరు పాత్ర ధరించెను. యుద్ధకారణమున దాని చిత్రీకరణము అమెరికాలో ముగిసెను. తన ఆర్జనలో చాలభాగమును బ్రిటను యుద్ధసహాయమునకు ఒసగిన ఆయనకు హాలీవుడ్డున దొరికినవి తఱచుగా నాజీ వేషములే. అట్టి పాత్ర దుష్టమైనదిగానే ఉండవలెనని ఆయన పట్టుబట్టెనని ప్రతీతి. 1942 నాటి ‘కాసాబ్లాంకా’లో మేజర్ స్ట్రాసర్‌ను చూడుడు: గొంతు పెంచడు, కన్నెఱ్ఱచేయడు, మర్యాదగా కూర్చుండి పానీయము సేవించుచు ఎదుటివాని ప్రాణమునకు వెలకట్టును.

1943 ఏప్రిల్ 3న లాస్ ఏంజెలిస్‌లో గోల్ఫు ఆడుచుండగా గుండె ఆగి మరణించెను. అప్పటికి వయస్సు 50 సంవత్సరములు. మఱుసటి నెలలో విడుదలైన తుదిచిత్రము ‘అబౌ సస్పిషన్’లో ఆయన నాజీ కాడు, వారిని ఎదిరించువారికి తోడ్పడు ఆస్ట్రియా దేశస్థుడు.