వీడియో చూశారు సరే.. పాఠం వచ్చిందా? ఒక్క ఫోన్‌తో క్లాసంతా జవాబు చెప్పించే ఆన్‌లైన్ టూల్స్.. ఎలా వాడాలంటే?

డిజిటల్ క్లాస్‌రూమ్ అనగానే ముందు గుర్తొచ్చేది పెద్ద స్క్రీన్. ఏపీ, తెలంగాణల్లో చాలా ప్రభుత్వ హైస్కూళ్లకు ఐఎఫ్‌పీ ప్యానెళ్లు వచ్చేశాయి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. 2017లో మొదలైన దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే డిజిటల్ పాఠం ఫోన్‌లోకి వస్తుంది. అంతా బాగానే ఉంది. కానీ సార్ వీడియో వేసి, పిల్లలు కళ్లప్పగించి చూసి, బెల్ కొట్టగానే బ్యాగులు సర్దుకుంటే.. బోర్డు ఉన్న చోట టీవీ వచ్చినట్టే. క్లాసు మాత్రం మారలేదు. మరి అదే స్క్రీన్‌తో, అదే ఫోన్‌తో పిల్లలకు పాఠం నిజంగా వచ్చేలా చేయొచ్చా? చేయొచ్చు. దానికి ఖరీదైన యాప్‌లు కూడా అక్కర్లేదు.

చూడటం వేరు.. ఊహించి చూడటం వేరు

అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ బృందం 2004లో ఒక పరిశోధన ప్రచురించింది. క్లాసులో లెక్చరర్లు చేసి చూపించే ప్రయోగాల వల్ల విద్యార్థులకు నిజంగా ఏమైనా వస్తోందా అన్నది అందులోని ప్రశ్న. కొందరికి ప్రయోగం చూపించి వదిలేశారు. కొందరిని మాత్రం ముందుగా 'ఏం జరుగుతుందో చెప్పండి' అని అడిగి, ఆ తర్వాత చూపించారు.

ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. ఊరికే చూసినవాళ్లకూ, అసలు ప్రయోగమే చూడనివాళ్లకూ అర్థం చేసుకోవడంలో పెద్దగా తేడా లేదు! ముందు ఊహించి, తర్వాత చూసినవాళ్లకు మాత్రం విషయం బాగా పట్టుబడింది. పక్కవాళ్లతో చర్చ కూడా పెట్టినప్పుడు ఇంకా మెరుగ్గా వచ్చింది.

ఎందుకలా? క్రికెట్‌లో డీఆర్ఎస్ తీసుకున్నప్పుడు మనమేం చేస్తామో గుర్తు తెచ్చుకోండి. 'పక్కా ఔట్' అని పందెం కట్టినవాడు బాల్ ట్రాకింగ్‌ను రెప్ప వేయకుండా చూస్తాడు. అప్పుడే టీ తాగి వచ్చి కూర్చున్నవాడికి అది ఇంకో రీప్లే మాత్రమే. క్లాసులోనూ అంతే. తను చెప్పిన జవాబు రైటో తప్పో తేలాలి కాబట్టి పిల్లాడి కళ్లు స్క్రీన్‌ను వదలవు. ఊహించమని అడగడానికి పట్టేది రెండు మూడు నిమిషాలే.

ఈ బల్బు ప్రశ్నకు మీరు జవాబు చెప్పగలరా?

ఒక బ్యాటరీ. దానికి ఒకే లైన్‌లో, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఒకేలాంటి బల్బులు. అంటే శ్రేణి సంధానం. ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? ముందున్నదా, వెనకున్నదా, రెండూ సమానమా?

చదవడం ఆపి ఒక జవాబు అనుకోండి.

'ముందున్న బల్బు' అనేవాళ్లు చాలామందే ఉంటారు. కరెంటులో కొంత మొదటి బల్బు వాడేసుకుంటే రెండోదానికి తక్కువ మిగులుతుంది కదా అన్నది వాళ్ల లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ తప్పు. రెండూ సమానంగా వెలుగుతాయి. పదో తరగతిలో ఓమ్ నియమం సూత్రం అప్పజెప్పే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు.

ఇలాంటి చోటే 'ఫెట్' పనికొస్తుంది. ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వైమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ఉచిత సిమ్యులేషన్ల సైట్ ఇది. సైన్స్, మ్యాథ్స్ రెండూ ఉంటాయి. కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. అందులో సర్క్యూట్ కిట్ తెరిస్తే బ్యాటరీలు, వైర్లు, బల్బులు, స్విచ్‌లు ఉంటాయి. వేలితో లాగి కలుపుకోవడమే. వైర్లలో ఎలక్ట్రాన్లు నీలిరంగు గోళీల్లా కదులుతూ కనిపిస్తాయి. నిజమైన ల్యాబ్‌లో ఇది కనిపించే అవకాశమే లేదు!

ఇప్పుడు మొదటి బల్బుకు ముందు ఒక అమ్మీటర్, రెండో బల్బు తర్వాత ఇంకో అమ్మీటర్ పెట్టండి. రెండింటిలోనూ ఒకటే రీడింగ్. బ్యాటరీ 9 వోల్టులు, ఒక్కో బల్బు నిరోధం 10 ఓమ్‌లు అనుకుంటే రెండు చోట్లా 0.45 ఆంపియర్లే. కరెంటు ఎక్కడా 'ఖర్చు' కాలేదు. బల్బులోకి ఎంత వెళ్లిందో అంతే బయటికొచ్చింది. ఖర్చయింది శక్తి. అది వెలుగుగా, వేడిగా మారింది. ఇదంతా సార్ నోటితో చెప్తే రాసుకుంటారు. 'ముందు బల్బే' అని గట్టిగా వాదించాక రెండు మీటర్లు ఒకే అంకె చూపిస్తే మాత్రం పిల్లలకు అది చాన్నాళ్లు గుర్తుంటుంది.

అదే బల్బులను సమాంతరంగా కలిపితే? ఒక్కోదానిలో 0.9 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి వచ్చేది 1.8. ఒక బల్బు తీసేసినా రెండోది వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఫ్యాన్ ఆపితే ట్యూబ్‌లైట్ ఆరిపోకపోవడానికి కారణం ఇదే. వినాయక చవితి పందిరికి కట్టే పాతకాలం సీరియల్ సెట్‌లో ఒక్క బల్బు పోతే లైన్ మొత్తం ఎందుకు ఆరిపోయేదో కూడా పిల్లలే చెప్పేస్తారు.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. ఎలక్ట్రాన్లు కదిలే దిశ, పాఠ్యపుస్తకంలో చూపించే విద్యుత్ ప్రవాహ దిశ ఒకదానికొకటి వ్యతిరేకం. స్క్రీన్ మీద గోళీలు 'తప్పు' వైపు పోతున్నాయని తెలివైన పిల్ల ఎవరో ఒకరు అడిగే తీరుతుంది. సిమ్యులేషన్‌లోనే బాణాల ఆప్షన్ మార్చుకుంటే ప్రవాహ దిశ కనిపిస్తుంది. టీచర్ ఇది ముందే చూసి పెట్టుకోవడం మంచిది. బ్యాటరీ రెండు చివరలను నేరుగా వైరుతో కలిపితే స్క్రీన్ మీద మంటలొస్తాయి. పిల్లలు పదిసార్లు అదే చేస్తారు, చేయనివ్వండి. ఇంట్లో ప్లగ్‌తో మాత్రం చేయకూడదని అప్పుడే చెప్పేయాలి.

మరి నిజమైన ల్యాబ్ వద్దా? అలా కాదు. 2005లో కొలరాడో పరిశోధకులు ఇదే సర్క్యూట్ కిట్‌ను కాలేజీ విద్యార్థులతో వాడించి చూశారు. కంప్యూటర్‌లో నేర్చుకున్నవాళ్లు ఆ తర్వాత నిజమైన వైర్లు, బల్బులతో సర్క్యూట్ కట్టడంలోనూ, అదెలా పనిచేస్తుందో వివరించడంలోనూ అసలు పరికరాలతో నేర్చుకున్నవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. అయినా వైరు కోత కోసి, బిగించి, లూజ్ కనెక్షన్ వెతుక్కోవడం స్క్రీన్ నేర్పదు. ల్యాబ్ సామాన్లు బీరువాలో తాళం వేసి ఉన్న బడికి ఫెట్ ఆసరా అవుతుంది. తాళం తీయకుండా ఉండటానికి సాకు కాకూడదు.

లెక్కల టీచర్లకైతే జియోజెబ్రా ఉంది. 'పెద్ద త్రిభుజంలో కోణాల మొత్తం ఎక్కువా, చిన్నదానిలోనా?' అని అడిగి, చేతులెత్తించి, ఆ తర్వాత స్క్రీన్ మీద శీర్షం పట్టుకుని లాగండి. ఎంత లాగినా 180 డిగ్రీలే. ఇది కూడా ఉచితమే, ఫోన్‌లోనూ పనిచేస్తుంది.

క్లాసులో 40 మంది.. ఫోన్ ఒక్కటే!

అసలు సమస్య ఇక్కడే. 'ఎవరు చెప్తారు?' అంటే ముందు బెంచీలో ఆ నలుగురే చేతులెత్తుతారు. మిగతా 36 మంది మనసులో ఏముందో టీచర్‌కు తెలియదు. పిల్లలందరికీ ట్యాబ్‌లు ఇచ్చే పరిస్థితి అన్ని బడుల్లో ఉండదు.

ప్లికర్స్ అనే టూల్ దీనికో చక్కటి దారి చూపించింది. పిల్లలకు ఫోన్ అక్కర్లేదు, కాగితం కార్డు చాలు. చూడటానికి క్యూఆర్ కోడ్‌లా ఉండే ఈ కార్డుకు నాలుగు వైపులుంటాయి. జవాబు 'బీ' అనుకుంటే బీ వైపు పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. టీచర్ తన ఫోన్ కెమెరాను క్లాసంతా ఒకసారి తిప్పితే చాలు, ఎవరేం చెప్పారో పేర్లతో సహా ఫోన్‌లో కనిపిస్తుంది. ఏ ఇద్దరి కార్డులూ ఒకేలా ఉండవు, అక్షరాలు కూడా చిన్నగా ఉంటాయి. పక్కవాడిది చూసి తిప్పడం కష్టం. తప్పు చెప్తే నవ్వుతారేమోనని ఎప్పుడూ నోరు విప్పని పిల్లకు ఇది పెద్ద ఊరట.

వచ్చిన జవాబులతో ఏం చేయాలన్నదే అసలు పని. మజూర్ 1990ల మొదట్లోనే దీనికో పద్ధతి పెట్టారు. క్లాసులో సుమారు 30 నుంచి 70 శాతం మంది రైట్ చెప్పారంటే టీచర్ జవాబు బయటపెట్టరు. పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని, మళ్లీ ఓటేయమంటారు. రెండోసారి రైట్ జవాబులు బాగా పెరుగుతాయి. నిన్ననే అర్థమైన పిల్లాడు, ఇంకా అర్థం కాని స్నేహితుడికి వాళ్ల భాషలోనే చెప్తాడు మరి. 30 శాతం కంటే తక్కువ మందే చెప్పగలిగితే పాఠం మళ్లీ చెప్పాల్సిందే. 70 దాటితే కాస్త వివరించి ముందుకెళ్లిపోవచ్చు.

నార్వే నుంచి 2013లో వచ్చిన కహూట్ గురించి కూడా చెప్పుకోవాలి. మ్యూజిక్, పాయింట్లు, లీడర్ బోర్డు.. క్లాసు హోరెత్తిపోతుంది. కానీ అందులో త్వరగా నొక్కినవాళ్లకే ఎక్కువ పాయింట్లు. ఆలోచించి చెప్పే పిల్ల వెనకబడుతుంది. నిన్నటి పదాలు, దేశాల రాజధానుల్లాంటివి గుర్తు చేయడానికి అది బాగుంటుంది. బల్బు ప్రశ్నలాంటివి అడగాలంటే టైమ్ పెంచి, స్పీడ్ పాయింట్లు తీసేయడం మేలు.

నెట్ లేకపోతే ఎలా?

ఫెట్ సిమ్యులేషన్లను ఇంటి దగ్గర వైఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని, బడిలో నెట్ లేకున్నా మామూలు బ్రౌజర్‌లోనే తెరవొచ్చు. కరెంటు పోయి ప్యానెల్ ఆగిపోయినా ప్రశ్న ఆగదు. మజూర్ పద్ధతికి అక్షరాలు రాసిన అట్టముక్కలు కూడా సరిపోతాయి.

ఇక ఇంటి సంగతి. గ్రామీణ భారతంలో స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14-16 ఏళ్ల పిల్లలను అడిగిన అసర్ 2024 సర్వేలో, అంతకుముందు వారంలో ఫోన్‌ను చదువు కోసం వాడామన్నవాళ్లు 57 శాతం. సోషల్ మీడియాకు వాడామన్నవాళ్లు 76 శాతం. ఆ 57 శాతంలో కూడా వీడియో వేసుకుని కూర్చుంటే ఎంత మిగులుతుందన్నది వేరే ప్రశ్న. దీనిపై వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఒక పాఠాన్ని రెండోసారి చదివినవాళ్లకు వారం తర్వాత 42 శాతం గుర్తుంది. రెండోసారి చదవకుండా, గుర్తున్నది కాగితం మీద రాసినవాళ్లకు 56 శాతం. విచిత్రమేంటంటే, ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. 'అంతా వచ్చేసింది' అనిపించడం అందుకే.

అమ్మానాన్నలకు ఫిజిక్స్ రాకపోయినా పర్లేదు. పాప వీడియో మొదలుపెట్టేటప్పుడు 'ఇందులో ఏం జరుగుతుందనుకుంటున్నావు?' అనీ, అయ్యాక ఫోన్ పక్కన పెట్టించి 'ఏం జరిగింది?' అనీ అడగండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఈసారి మూడు బల్బులు పెట్టి.