మసి ఎక్కడిది? డీజిల్ కారులో ఫిల్టరు హెచ్చరిక, దాని కారణ నిర్ధారణ

పత్తి ఆకు పసుపు రంగుకు తిరిగిందని రైతు చెప్పగానే యూరియా చల్లమని సలహా ఇచ్చే విస్తరణ కార్యకర్తను మనం మెచ్చుకోము. అది నత్రజని లోపమా, నీరు నిలిచి వేరుకు గాలి అందకపోవడమా, వేరుకుళ్లు తెగులా అన్నది మొక్కను పెరికి చూసిన తరువాతనే మాట్లాడాలని పాతికేళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. అయితే నా సొంత కారులో ఒక చిన్న పసుపు దీపం వెలిగినప్పుడు నేను అచ్చంగా ఆ యూరియా కార్యకర్త వలెనే ప్రవర్తించాను. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు మండలాల్లో క్షేత్ర సందర్శనలకు డీజిల్ వాహనాలే మనకు ఆధారం. పైగా ఆ దీపం వెనుక ఉన్న పరికరం ఇప్పుడు ట్రాక్టర్లకు కూడా వస్తోంది. కనుక ఈ అనుభవం ఈ పత్రిక పాఠకులకు పనికివస్తుందని భావిస్తున్నాను.

మా కారు కుటుంబ అవసరాలకు కొన్నది, బీఎస్-6 ప్రమాణాల డీజిల్ వాహనం. గత ఫిబ్రవరిలో చర్ల మండలంలో మిరప క్షేత్రాలు చూసుకొని తిరిగి వస్తుండగా డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, అనగా వాడుకలో డీపీఎఫ్, హెచ్చరిక దీపం మొదటిసారి వెలిగింది. కారులో మా అమ్మ కూడా ఉన్నది. భద్రాద్రి రాముని దర్శనానికి వచ్చి, నాతోపాటు పొలాల వెంట తిరిగింది. "ఆ దీపమేమిటి నాయనా, చమురు అయిపోయిందా?" అని అడిగితే నా వద్ద సరైన సమాధానం లేకపోయింది.

ఈ ఫిల్టరు పని మన ప్రయోగశాలలో పని చేసినవారికి కొత్తది కాదు. మొక్క నమూనాలో ఖనిజ పదార్థం ఎంతో తెలుసుకోవడానికి మూసలో ఉంచి మఫిల్ ఫర్నేస్‌లో సుమారు 550 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాలుస్తాము. కర్బనం కాలిపోతుంది, బూడిద మిగులుతుంది. డీపీఎఫ్ కూడా అటువంటి మూసే. తేనెపట్టు వలె సన్నని గదులున్న పింగాణీ దిమ్మె అది. ఒక గది ముందువైపు మూసి ఉంటే, పక్క గది వెనుకవైపు మూసి ఉంటుంది. పొగ గది గోడల గుండానే పోవాలి, మసి గోడ మీద నిలిచిపోతుంది. ఆ మసిని అప్పుడప్పుడు కాల్చివేయాలి. దీనినే రీజనరేషన్ అంటారు. హైవే మీద నిలకడగా పోయేటప్పుడు పొగవాయువు వేడెక్కి, అందులోని నైట్రోజన్ డయాక్సైడ్ సాయంతో 250 నుంచి 400 డిగ్రీల మధ్యనే మసి నెమ్మదిగా కాలుతుంది. అది చాలనప్పుడు ఇంజిన్ కంప్యూటరు సిలిండరులోకి ఆలస్యంగా అదనపు డీజిల్ పంపి, ఫిల్టరుకు ముందున్న ఉత్ప్రేరకంలో దానిని మండించి, ఉష్ణోగ్రతను సుమారు 600 డిగ్రీలకు చేరుస్తుంది. మసి పోతుంది. ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, జింకు, ఫాస్ఫరస్ వంటి మూలకాల బూడిద మాత్రం మూసలో వలెనే మిగిలిపోతుంది. మసి, బూడిద రెండూ ఫిల్టరును మూసివేసేవే గాని, మొదటిది కాల్చితే పోతుంది, రెండవది ఎంత కాల్చినా పోదు. నిర్ధారణలో సగం ఈ భేదం మీదనే ఆధారపడి ఉంటుంది.

2000లో ప్యూజో 607 కారుతో ఐరోపాలో ఇది ఫ్యాక్టరీ నుంచే అమర్చి రావడం మొదలైంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలై, డీజిల్ కారు వదలదగిన కణాల పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు తగ్గింది. ఫిల్టరు లేకుండా ఆ పరిమితిని అందుకోవడం సాధ్యమయ్యే పని కాదు.

నా మొదటి నిర్ధారణ పుస్తకంలో ఉన్నదే. భద్రాచలంలో మకాం పెట్టి, రోజూ దుమ్ముగూడెం వైపు ఐదారు కిలోమీటర్లు పోవడం, పొలం గట్టున ఆపడం, మళ్లీ రెండు కిలోమీటర్లు పోయి ఆపడం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. మొదలైన దహనం సగంలో ఆగిపోతుంది. కనుక దోషం నా ప్రయాణ సరళిదే అనుకున్నాను. వాహన పుస్తకంలో చెప్పినట్లు పాల్వంచ దాటి కొత్తగూడెం, జూలూరుపాడు మీదుగా నిలకడైన వేగంతో నడిపాను. దీపం ఆరిపోయింది. వ్యాధి నయమైందని సంతోషించాను.

410 కిలోమీటర్ల తరువాత దీపం మళ్లీ వెలిగింది. సర్వీసు కేంద్రంలో కంప్యూటరు తగిలించి, నిలిపి ఉంచిన కారులోనే బలవంతపు రీజనరేషన్ చేశారు. 260 కిలోమీటర్లకు తిరిగి వెలిగింది, మళ్లీ అదే వైద్యం. ఈసారి 140. ఈ అంకెలను క్షేత్ర దినచర్య పుస్తకంలో వ్రాసుకోవడం ఒక్కటే నేను చేసిన మంచి పని. ఆ నెలన్నరలో నేను ప్రయాణ సరళి మార్చుకున్నాను, వారానికి రెండుసార్లు ఖమ్మం వరకు హైవే మీద నడిపాను. కారణం చిన్న ప్రయాణాలే అయితే వ్యవధి పెరగాలి. అది తగ్గుతున్నది. ఇచ్చిన ఎరువుకు ప్రతిస్పందన లేకపోతే లోపం ఆ పోషకానిది కాదని ఏ విద్యార్థి అయినా చెబుతాడు. నేను మాత్రం మూడుసార్లు అదే ఎరువు వేశాను.

ఆ సర్వీసు కేంద్రం వారు ఫిల్టరు చెడిపోయిందని తేల్చి, కొత్తదానికి లక్ష రూపాయలు దాటుతుందని చెప్పారు. ఇంకొక షెడ్డులో మెకానిక్ మరింత సులభమైన మార్గం చూపించాడు: ఫిల్టరును లోపల ఖాళీ చేసి, కంప్యూటరులో దాని ఊసే లేకుండా మార్పు చేస్తే శాశ్వతంగా బాధ తప్పుతుందట. ఆ రోజు నేను కొంత ఊగిసలాడిన మాట వాస్తవం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. దానికంటె ముఖ్యంగా, డీజిల్ పొగను 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పురుగుమందు చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని రైతుకు చెప్పి, ఆయన గడపలోనే ఆ పొగ వదిలి రావడం నాకు మనస్కరించలేదు.

అసలు కారణం ఏన్కూరులో దొరికింది. ట్రాక్టరు మెకానిక్ ఒకరికి విషయం చెబితే ఆయన కంప్యూటరు తగిలించలేదు. బానెట్ ఎత్తించి, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు గొట్టం అడుగున వేలు పెట్టి నిమిరి, నల్లని జిడ్డు నాకు చూపించాడు. "ఫిల్టర్‌ను తిడితే ఏం లాభం సార్? మసి యాడికెల్లి వస్తుందో చూడాలె గద" అన్నాడు. క్లిప్పు దగ్గర గొట్టం అంగుళం పొడవున చీలి ఉన్నది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ చీలిక నుంచి ఒత్తిడి గాలి బయటకు పోతున్నది. లోనికి వచ్చిన గాలిని మీటరు ముందే కొలిచి కంప్యూటరుకు చెప్పింది, కంప్యూటరు ఆ లెక్కనే డీజిల్ పంపింది, సిలిండరుకు చేరిన గాలి మాత్రం తక్కువ. గాలి చాలని మంటకు మసి ఎక్కువ.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం గమనించాలి. పాత జీపులో ఇదే లోపం వస్తే వెనుక నల్లని పొగ కనబడేది, ఊరంతా చెప్పేది. ఇప్పుడు ఆ పొగను ఫిల్టరు పట్టేస్తున్నది. ఇంజిన్ రోగాన్ని బయటకు కనిపించనీయక తానే మింగుతున్నది. పాత కారు నల్లపొగకు బదులుగా మనకు మిగిలినది ఈ పసుపు దీపమే. దానిని ఫిల్టరు రోగ లక్షణంగా చదవడమే మన పొరపాటు. నిజానికి మిగతా లక్షణాలు కూడా ఉన్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు సన్నని ఈల వంటి శబ్దం, లీటరుకు 19 కిలోమీటర్లు ఇచ్చే బండి 16కు దిగడం, లాగుడు తగ్గడం. బూడిద టాంకర్ల వెనుక నెమ్మదిగా పోవడం వల్లనే అనుకొని ఊరుకున్నాను.

కాబట్టి దీపం మొదటిసారి వెలిగినప్పుడు హైవే మీద ఇరవై నిమిషాలు నడపడం సరైన ప్రథమ చికిత్సే. దానికి ఆరి, దీర్ఘకాలం వెలగకపోతే అంతటితో విడిచిపెట్టవచ్చు. ఇంజిన్ దీపం కూడా తోడై శక్తి తగ్గితే మాత్రం ఆ ప్రయోగం చేయరాదు. రెండవసారి వస్తే ముందుగా డిప్‌స్టిక్ తీసి చూడాలి. నా కారులో ఆయిల్ పై గీతను దాటి ఉన్నది, డీజిల్ వాసన వేసింది. సగంలో ఆగిన ప్రతి దహనంలోనూ అదనపు డీజిల్ కొంత సిలిండరు గోడల మీదుగా దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలుచనైతే బేరింగులు అరుగుతాయి. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే మండించుకొని అదుపు తప్పే ప్రమాదమున్నది. లక్ష రూపాయల ఫిల్టరు కోసం బాధపడుతూ అంతకు కొన్ని రెట్ల ఇంజిన్‌ను పోగొట్టుకునే దశకు నేను వచ్చి ఉన్నాను.

తరువాత ఫిల్టరుకు ముందు, వెనుక ఒత్తిడి భేదాన్ని కొలిచే సెన్సారు. ఇంజిన్ ఆపి, తాళం చెవి మాత్రం తిప్పినప్పుడు అది సున్నా చూపాలి. చూపకపోతే దోషం సెన్సారుది లేదా దాని వైరుది. దానికి పోయే సన్నని రబ్బరు గొట్టాలు చిట్లాయేమో, ఎలుకలు కొరికాయేమో చూడాలి. పొలం దగ్గర నిలిపే బండ్లలో ఇది అరుదు కాదు. ఆ మీదట గాలి మార్గం, ఇంజెక్టర్లు, పొగను తిరిగి లోనికి పంపే ఈజీఆర్ వాల్వు, ఇంజిన్‌ను వేడెక్కనీయని థర్మోస్టాట్. ఇవన్నీ సరిగా ఉండి, పూర్తి రీజనరేషన్ అయిన వెంటనే కూడా ఒత్తిడి భేదం తగ్గకపోతే అప్పుడు బూడిదను అనుమానించాలి. తక్కువ బూడిదనిచ్చే ఆయిల్ బదులు చవక ఆయిల్ పోసిన బండిలో అది ముందే వస్తుంది. ఫిల్టరు మార్చే మాట ఇక్కడ వినవలసినదే గాని, మొదటి రోజున కాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉన్నది. ఫిబ్రవరి నుంచి మే వరకు పాల్వంచ, కిన్నెరసాని, దుమ్ముగూడెం అడవుల్లో టేకు ఆకు రాలి నేల కనబడదు. ఇప్పపూల కోసం చెట్ల కింద చెత్త కాల్చడం వలన రేగే మంటలు అటవీ సిబ్బందికి ఏటా ఉన్న బాధే. తునికాకు కల్లాలు, మిర్చి కల్లాలు, పత్తి కట్టె కుప్పలు కూడా ఈ నెలల్లోనే. ఈ సమయంలో రీజనరేషన్ నడుస్తున్న బండిని ఎండుటాకుల మీద నిలిపితే, అడుగునున్న గొట్టాల వేడి వాటిని అంటించడానికి చాలు. నిలిపి ఉన్నప్పుడు ఇంజిన్ వేగం మామూలుకంటె కొంచెం ఎక్కువగా ఉండడం, ఫ్యాను జోరుగా తిరగడం, కాలిన వాసన రావడం దాని గుర్తులు. అటువంటప్పుడు మట్టి బాట మీదనో తారు రోడ్డు మీదనో మరికొంత దూరం నడిపి, అది ముగిసిన తరువాత ఆపాలి. బలవంతపు రీజనరేషన్‌ను సిమెంటు నేల మీద తప్ప చేయించరాదు.

కొత్త గొట్టం ధర ఫిల్టరు ధరలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. గొట్టం మార్చి, ఆయిల్ మార్చి, ఒక్కసారి ఫిల్టరును శుభ్రపరచిన తరువాత 7,000 కిలోమీటర్లు తిరిగాను. దీపం వెలగలేదు. నా చిన్న ప్రయాణాలు మాత్రం మునుపటివలెనే ఉన్నాయి.

ఇక ట్రాక్టర్ల విషయం. 50 హార్స్‌పవర్ మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ప్రమాణాలు వచ్చాయి. వాటిలో కొన్ని నమూనాలకు ఈ ఫిల్టరు ఉన్నది. రోటావేటరుతో దున్నే ట్రాక్టరుకు భారం ఎక్కువ, పొగ వేడి, కనుక మసి దానంతట అదే కాలుతుంది. అదే ట్రాక్టరు మిర్చి బస్తాలతో ఖమ్మం మార్కెట్ ముందు వరుసలో ఇంజిన్ ఆపకుండా గంటల తరబడి నిలిస్తే పొగ చల్లబడి మసి పేరుకుంటుంది. ఫిర్యాదుతో వచ్చే రైతును మనం మొదట అడగవలసిన ప్రశ్నలు రెండు: దీపానికీ దీపానికీ మధ్య ఎన్ని గంటలు నడిచింది, ఆయిల్ మట్టం ఎక్కడున్నది. కృషి విజ్ఞాన కేంద్రాల యంత్ర శిక్షణలో డిప్‌స్టిక్ చదవడం, గంటల మీటరు అంకె వ్రాసిపెట్టుకోవడం ఈ ఏడాది నుంచే చేర్చవచ్చు. వీటికి కొత్త పరికరమేదీ కొనవలసిన పని లేదు.