నాణెం మీద మచ్చ: టంకశాలదా, మనదా?

చెల్లని రూపాయికి గీతలెక్కువ అని పెద్దలు ఏనాడో అన్నారు. ఇప్పుడు కాలం తిరగబడింది. గీతలున్న రూపాయికే గిరాకీ ఎక్కువ! అచ్చు పక్కకు జరిగిందనీ, బొమ్మ రెండుసార్లు పడిందనీ చెప్పి మామూలు నాణేనికన్న ఎన్నో రెట్లు ధర చెప్పేవారున్నారు. టంకశాలలో పొరపాటున పుట్టిన నాణెం అరుదు గనుక దానికి ధర పలకడం న్యాయమే. కాని బజారుకు వచ్చే వాటిలో టంకశాల నుంచి చక్కగానే బయటపడి, తరువాత మనుష్యుల చేతుల్లో చెడినవి ఎన్నో. ఈ రెంటినీ వేరుచేయడం ఎలాగ?

మేముండే సికిందరాబాదు కార్ఖానా కంటోన్మెంటు పేట. ఇక్కడి పాత కుటుంబాల పెట్టెల్లో రెండు రకాల రూపాయలు కనిపిస్తాయి. ఒకటి నిజాం హాలీ సిక్కా; రెండోది ఇంగ్లీషువారి కల్దార్. 'కల్' అంటే యంత్రం. యంత్రం మీద కొట్టిన రూపాయి గనుక ఆ పేరు. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీ రూపాయలు మారకం. నగరంలో 1903లో సైఫాబాదు టంకశాల ఏర్పడ్డాక చార్మినారు బొమ్మ రూపాయలు యంత్రాల మీద తయారయ్యాయి. 1950లో ఆ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. హాలీ సిక్కా 1959లో రద్దయింది. టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. సైఫాబాదు పాత భవనంలో 2022లో ప్రదర్శనశాల తెరిచారు.

ఈ చరిత్ర ఎందుకంటే, నాణెం సుత్తితో కొట్టిందా, యంత్రం మీద కొట్టిందా అన్నది ముందు తేల్చుకోవాలి. సుత్తి దెబ్బ నాటి నాణేల్లో లోహపు బిళ్ళ చిన్నది, అచ్చు పెద్దది. అక్షరాలన్నీ బిళ్ళ మీద పడేవి కావు. ముద్ర ఒక ప్రక్కకు ఒరిగేది. అది తప్పు కాదు, ఆనాటి వాడుక. అటువంటిదాన్ని 'అరుదైన పొరపాటు' అని ఎవరైనా అమ్మజూపితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక యంత్రపు నాణేల సంగతి. పొరపాటు మూడు చోట్ల జరగవచ్చు: బిళ్ళలో, అచ్చులో, దెబ్బలో. బిళ్ళను రేకు నుంచి కత్తిరించేటప్పుడు పక్క చిల్లు మీదికి జరిగితే అంచున నెలవంకలాగా కొరత పడుతుంది. అప్పుడు దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా తరచు పలచగా, అస్పష్టంగా ఉంటుంది. తరువాత ఎవరో ఆకురాయితో అరగదీస్తే ఎదుటి అంచు చెక్కుచెదరదు.

అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం ఎక్కుతుంది. కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. మేకు గీరితే గీత పల్లంగా ఉంటుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే సగం మోసాలు తప్పుతాయి.

దెబ్బలో తప్పు మరీ చిత్రం. అప్పుడే కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుపోయిందనుకోండి. తరువాతి బిళ్ళ మీద ఒక వైపు మామూలు ముద్ర, రెండో వైపు అదే ముద్ర అద్దంలో చూసినట్టు తలక్రిందుగా, పల్లంగా పడుతుంది.

మా వీధిలో పింఛను పుచ్చుకునే పెద్దాయనొకరు అటువంటిదేనంటూ ఒక చార్మినారు రూపాయి తెచ్చారు. "మేష్టారూ, ఇరవైవేలు అడుగుతున్నాడు. రేపు పిల్ల పెళ్ళికి పనికొస్తుందని కొందామనుకుంటున్నాను" అన్నారు. భూతద్దంలో చూశాము. తిరగబడిన అక్షరాలు ఉన్నమాట నిజమే. కాని వాటి క్రింద అసలు అక్షరాలు నలిగి కనబడుతున్నాయి. రెండో వైపు చార్మినారు చదునైపోయింది. రెండు నాణేలను కలిపి పట్టకారులో బిగించి నొక్కిన పని అది. "బాబుగారూ, ఇది టంకశాల తప్పు కాదు, కొలిమి దగ్గరి నేర్పు" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత డబ్బు కట్టను మళ్ళీ పంచె మడతలో దోపుకున్నారు.

త్రాసు కూడా మంచి సాక్షి. కల్దార్ వెండి రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు, హాలీ రూపాయి సుమారు 11.18. ఆమ్లంలో ముంచినది బరువు తగ్గి, అక్షరాలూ అంచూ ఒక్కలాగే కరిగి ఉంటుంది. రెండు వైపులా బొమ్మ ఉన్న రూపాయి అంటే, అంచు చుట్టూ అతుకు గీత కోసం వెదకండి.

పాత నాణేల పేరిట ప్రకటనలు చూసి రుసుములు కట్టేవారూ ఉన్నారు. తన పేరు వాడుకొని జరుగుతున్న ఈ మోసాలను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

చివరిగా ఒక మాట. ఇంట్లో ఉన్న నాణేన్ని చింతపండుతో తోమవద్దు. తోమితే ఉన్న విలువా పోతుంది. అలాగే కొక్కెం అతికిన రూపాయినీ, చిల్లు పొడిచిన కాసునూ బజారు లెక్కలో చెడినవని పారేయకండి. ఏ అమ్మమ్మ మెడలోనో వేలాడిన గుర్తులవి. వాటికి వర్తకుడు ధర కట్టడు, కట్టవలసినవారు మనమే.