జర్మనీలో నగ్న బీచ్‌లు ఎందుకు తగ్గిపోతున్నాయి?

2024లో జర్మనీలో ఒక జాతీయ సంఘానికి 75 ఏళ్లు నిండాయి. పెద్ద వేడుక చేద్దామనుకున్నారు. వస్తామని పేరు రాయించుకున్నవాళ్లు మరీ తక్కువ కావడంతో ఆ వేడుకే రద్దయింది. పాతికేళ్ల కిందట ఆ సంఘంలో సుమారు 65,000 మంది సభ్యులుండేవారు. ఇప్పుడు 34,000 కూడా లేరు. బట్టలు లేకుండా ఈత కొట్టడం, ఎండ కాచుకోవడం, సెలవులు గడపడం అనే అలవాటున్న క్లబ్బులకు అది సమాఖ్య. ఈ అలవాటును జర్మన్లు మూడక్షరాల్లో 'ఎఫ్‌కేకే' అంటారు. స్వేచ్ఛా శరీర సంస్కృతి అని దాని అర్థం.

మనకెందుకు ఈ గోల అనిపించవచ్చు. తెలుగు రాష్ట్రాల నుంచి చదువులకు, ఉద్యోగాలకు జర్మనీ వెళ్తున్న పిల్లల్లో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఇలాంటి వార్తలకు జనం ఇచ్చే అర్థాలు. మన వైపు కొందరు "చూశారా, యూరప్‌కి హయా తిరిగొచ్చింది" అని సంబరపడతారు. అటువైపు కొందరు "ముస్లిం వలసదారులు వచ్చాకే మా అలవాట్లు పోతున్నాయి" అని నింద వేస్తారు. రెండూ నిజం కావు. రెండో మాట మరీ ప్రమాదకరం, ఎందుకంటే దాని బరువు మోయాల్సింది అక్కడ ఉన్న మన పిల్లలే. అసలు జరిగింది ఏమిటో వరసగా చూద్దాం.

మొదట్లో ఇది విలాసం కాదు. 19వ శతాబ్దం చివర్లో జర్మనీ నగరాలు ఫ్యాక్టరీల పొగతో, గాలి చొరబడని ఇరుకు ఇళ్లతో నిండిపోయాయి. క్షయ రోగం జనాన్ని తినేస్తోంది. అప్పుడు ఎండ, గాలి, నీళ్లే మందు అంటూ ఒక ఉద్యమం బయలుదేరింది. శాకాహారం, ప్రకృతి వైద్యం, మద్యం మానేయడం, అన్నీ అందులో భాగమే. బట్టలు విడిచి ఎండలో తిరగడం కూడా ఆ జాబితాలోదే. తొలినాటి చాలా క్లబ్బుల్లో మద్యం, సిగరెట్ నిషేధం. మనం ఊహించుకునే చోటికీ, ఆ క్లబ్బులకూ చాలా దూరం. 1920లలో అడాల్ఫ్ కోఖ్ అనే బెర్లిన్ టీచర్ కార్మిక కుటుంబాల కోసం ఈ పద్ధతిలో వ్యాయామశాలలు నడిపాడు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే ఈ క్లబ్బుల మీద నిషేధం వచ్చింది. తర్వాత యుద్ధం మధ్యలో, 1942లో, ఎవరి కంటా పడని చోట పర్వాలేదని వాళ్లే సడలించారు.

యుద్ధం తర్వాత దేశం రెండు ముక్కలైంది. కథలో అసలు మలుపు తూర్పు జర్మనీలో ఉంది.

తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వానికి మొదట్లో ఈ అలవాటు అస్సలు నచ్చలేదు. బాల్టిక్ సముద్రతీరంలో అహ్రెన్‌స్‌హోప్ అనే ఊరుంది. రచయితలు, చిత్రకారులు వేసవికి అక్కడికి చేరేవారు, బట్టల్లేకుండానే ఈత కొట్టేవారు. దీని మీద ఒక కథ చెప్పుకుంటారు, ఎంతవరకు నిజమో గానీ. కవి, తర్వాత సాంస్కృతిక మంత్రి అయిన యోహానెస్ బెఖర్ ఒక రోజు బీచ్‌లో ఒక ఆవిడను చూసి సిగ్గులేదా అంటూ ఒక జంతువు పేరు పెట్టి తిట్టాడట. ఆవిడ దేశమంతా గౌరవించే నవలా రచయిత్రి అన్నా సెగెర్స్. కొన్నాళ్లకు ఆవిడకు జాతీయ బహుమతి ఇస్తూ ఆయన "ప్రియమైన అన్నా" అని మొదలుపెడితే, "మీకు నేను అన్నాను కాను, ఆ జంతువునే" అని అందరి ముందూ అనేసిందట.

1954లో ప్రభుత్వం బాల్టిక్ తీరంలో నగ్న స్నానాన్ని నిషేధించింది. జనం ఊరుకోలేదు, ఫిర్యాదు ఉత్తరాలు గుప్పించారు. అన్నిటికీ తలవంచే ఆ దేశంలో ఇది వింతే. 1956లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, గుర్తించిన చోట్ల అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత 1970, 80 దశకాలకల్లా అది మామూలు కుటుంబాల అలవాటైపోయింది. తాత, నాయనమ్మ, పిల్లలు అందరూ కలిసి వెళ్లేవారు. ప్రెరోవ్ అనే ఊళ్లో ఇసుక దిబ్బల మధ్య ఉన్న క్యాంపింగ్ మైదానం దేశమంతటా పేరు పొందింది. పశ్చిమ దేశాలకు స్వేచ్ఛగా వెళ్లే వీల్లేదు, ఎన్నికలు పేరుకే, మాట్లాడితే నిఘా. అలాంటి చోట ఎవరి అనుమతీ అడక్కుండా చేసుకోగలిగిన పని ఇదొక్కటే అని చాలామంది తర్వాత చెప్పుకున్నారు.

1990: బట్టలతో వచ్చిన అతిథులు

1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాయి. పశ్చిమం నుంచి సెలవులకని లక్షల మంది బాల్టిక్ తీరానికి వచ్చారు. పశ్చిమంలో కూడా ఎఫ్‌కేకే ఉంది గానీ, అది కంచె వేసిన క్లబ్బుల్లో, విడిగా కేటాయించిన తీరాల్లో ఉండేది. ఇక్కడ మాత్రం ఊరి బీచ్ మీదే అందరూ బట్టల్లేకుండా కనిపించేసరికి వచ్చినవాళ్లు నివ్వెరపోయారు. ఫిర్యాదులు మొదలయ్యాయి. హోటళ్లు కొన్నవాళ్లు, పెట్టుబడి పెట్టినవాళ్లు కూడా ఎక్కువగా పశ్చిమం వాళ్లే. హోటల్ ముందున్న బీచ్ 'అందరికీ' నచ్చేలా ఉండాలన్నారు. మునిసిపాలిటీలు పన్నుల కోసం, పర్యాటకం కోసం సరే అన్నాయి. ఊరి మధ్యన ఉన్న మంచి బీచ్ బట్టలవాళ్లకు, ఊరి చివర ఉన్నది నగ్న స్నానానికి అని గీతలు గీశారు. పత్రికలు దీన్ని 'చెడ్డీల యుద్ధం' అని ఎగతాళి చేశాయి.

ఇక్కడ ఒకటి గమనించాలి. ఈ యుద్ధం జర్మన్లకూ జర్మన్లకూ మధ్య జరిగింది. బాల్టిక్ తీరం ఉన్న మెక్లెన్‌బర్గ్ రాష్ట్రంలో విదేశీయుల శాతం ఇప్పటికీ దేశంలో తక్కువ ఉన్నవాటిలో ఒకటి. 2007 డిసెంబర్‌లో పోలండ్ సరిహద్దు తనిఖీలు ఎత్తేశాక ఇంకో గొడవ వచ్చింది. ఊజెడోమ్ దీవిలో కొంత భాగం పోలండ్‌ది. బీచ్ వెంబడి నడుచుకుంటూ ఇటు వచ్చిన పోలండ్ కుటుంబాలు జర్మన్ల నగ్న బీచ్ చూసి అదిరిపోయాయి. వాళ్లు క్యాథలిక్కులు. ఆ తగాదాలోనూ మనవాళ్లు ఎవరూ లేరు.

మిగతా కారణాలు ఇంకా సాదాసీదాగా ఉంటాయి. క్లబ్బులు నడిపే తరం ముసలిదైంది. ఈ క్లబ్బుల్లో చాలావరకు చెరువు గట్టునో అడవి అంచునో ఉంటాయి. సభ్యులే గడ్డి కోయాలి, షెడ్లకు రంగు వేయాలి, మీటింగులకు రావాలి. అరవై దాటినవాళ్లు అలవాటు కొద్దీ చేస్తున్నారు. ముప్పై ఏళ్లవాళ్లకు ఏటా చందా కట్టి పని చేసిపెట్టే ఓపిక లేదు. బట్టల్లేకుండా ఈత కొట్టాలనుకుంటే వాళ్లు ఆన్‌లైన్‌లో చూసుకుని ఏదో ఒక చెరువుకు పోయి వస్తారు. అంటే అలవాటు కంటే ముందు క్లబ్బులు పోతున్నాయి. మన ఊళ్లలో లైబ్రరీలకు ఏమైందో గుర్తు చేసుకోండి, చదివేవాళ్లు పూర్తిగా పోకముందే లైబ్రరీలు పోయాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఫోన్ కెమెరా. పాత రోజుల్లో ఈ పద్ధతి మొత్తం ఒక నమ్మకం మీద నిలబడింది: ఇక్కడ ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు, ఫొటో తీయరు. ఇవాళ అందరి చేతిలో కెమెరా ఉంది, నిమిషంలో ఆ ఫొటో ఎక్కడికైనా పోతుంది. ఏ తల్లి తన పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్తుంది? దీనికి తోడు ఇన్‌స్టాగ్రామ్ కాలంలో పెరిగిన పిల్లలు తమ ఒళ్లు 'పర్ఫెక్ట్'గా లేదని భయపడతారు. ఇంకో ముప్పు కూడా ఉంది. జర్మనీ నగరాల్లో కొన్ని వ్యభిచార గృహాలు ఇదే మూడక్షరాలు బోర్డు మీద పెట్టుకుంటాయి. కుటుంబాల క్లబ్బులకు ఆ పేరే తలనొప్పిగా మారింది.

కాబట్టి హయా తిరిగొచ్చిందని అనుకోవడానికి ఇందులో ఏమీ లేదు. బట్టలేసుకున్న కుర్రకారులో చాలామంది వేసుకున్నది కెమెరాకు భయపడి.

ఇది యూరప్ అంతా ఒకేలా జరుగుతోందనీ కాదు. ఫ్రాన్స్‌లో 1950లో మొదలైన మోంతాలివే, మధ్యధరా తీరంలోని కాప్ దాగ్ద్ లాంటి పెద్ద విడిదులు ఇప్పటికీ నడుస్తున్నాయి. అవి క్లబ్బుల్లా కాకుండా పెద్ద వ్యాపారంలా నడుస్తాయి, అందుకే నిలదొక్కుకున్నాయి. అదే ఫ్రాన్స్‌లో 2016లో కొన్ని తీర పట్టణాలు ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు, అంటే బుర్కినీ వేసుకున్న మహిళల్ని బీచ్ నుంచి పంపేశాయి. ఆ ఆగస్టులో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం విల్‌నవ్-లూబే పట్టణం పెట్టిన నిషేధాన్ని నిలిపేసింది. ఒంటి మీద నూలుపోగు లేనివాళ్లకు ఊరికి ఊరే ఉన్న దేశంలో, ఒళ్లు కప్పుకున్న ఆడవాళ్ల కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. జర్మనీ కోర్టులు ఈ విషయంలో కాస్త నయం. స్కూల్లో ఈత క్లాసుకు ముస్లిం అమ్మాయి వెళ్లాల్సిందే, కానీ బుర్కినీ వేసుకుని వెళ్లొచ్చని 2013లో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం చెప్పింది. కోబ్లెంజ్ నగరం ఈతకొలనుల్లో బుర్కినీని నిషేధిస్తే 2019లో పైకోర్టు దాన్ని ఆపేసింది.

మన దేశానికీ ఈ కథలో చిన్న చోటుంది. 1891లో బొంబాయి దగ్గర మాథేరాన్ కొండ మీద క్రాఫర్డ్ అనే ఇంగ్లిష్ జడ్జి ఇలాంటి సంఘం ఒకటి పెట్టాడు. మొత్తం సభ్యులు ముగ్గురు. ఎక్కువ కాలం నిలవలేదు.

జర్మనీలో ఉన్న మన పిల్లలు తెలుసుకోవాల్సింది

బాల్టిక్ బీచ్‌లు ముక్కలుగా పంచి ఉంటాయి: బట్టలవాళ్లకు ఒకటి, నగ్న స్నానానికి ఒకటి, కుక్కల్ని తెచ్చేవాళ్లకు ఒకటి. దారిలో బోర్డు చూసుకోవాలి. ఎఫ్‌కేకే అని ఉంటే అది నగ్న స్నానం చేసే చోటు. నడుస్తూ పొరపాటున దాటేస్తే ఎవరూ కొట్టరు, కానీ అక్కడ బట్టలతో తిష్ట వేసి కూర్చుంటే, చూడ్డానికి వచ్చారనుకుంటారు. 2024లో రోస్టాక్ నగరం దీన్ని రాతపూర్వకంగానే పెట్టింది: నగ్న స్నానానికి కేటాయించిన చోట బట్టలతో ఉన్నవాళ్లను సిబ్బంది బయటికి పంపొచ్చు. తగ్గిపోతున్నవాళ్లు మిగిలిన చోటును కాపాడుకోవడానికి చేసిన ఏర్పాటు అది. అక్కడ ఫోన్ బయటికి తీయనే వద్దు.

బీచ్ కంటే మన పిల్లలు ఎక్కువ ఇబ్బంది పడేది సౌనాలో. ఈతకొలనులో బట్టలు తప్పనిసరి. అదే భవనంలో ఉన్న సౌనాలో మాత్రం చాలాచోట్ల ఈత బట్టలు నిషేధం, పైగా ఆడా మగా కలిసే కూర్చుంటారు. ఆఫీసు వాళ్లో యూనివర్సిటీ స్నేహితులో పిలిస్తే ముందే అడిగి తెలుసుకోవడం మేలు. వద్దనుకుంటే "నేను ఈతకే వస్తాను, సౌనాకి రాను" అంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. చాలా సౌనాల్లో వారంలో ఒక రోజు ఆడవాళ్లకే కేటాయిస్తారు. ఆ రోజు ఏదో కౌంటర్‌లో అడిగితే చెప్తారు.